సూచీ నుంచి కొట్టేసిన పేరు

మొన్న మోకాలి నొప్పికి హబ్సిగూడలో డాక్టరుకు చూపించుకుని మెట్రోలో తార్నాకకు వస్తున్నాను. ఒక్క స్టేషను దూరమే, కానీ ఈ కాళ్లకు ఇప్పుడు ఆ ఒక్కటే చాలా దూరం. పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది, ఫోనులో ఒక పచ్చటి గీతను వేలితో అటూ ఇటూ జరుపుతూ పక్కనున్న స్నేహితురాలితో, ఇండెక్స్ పెరుగుతూనే ఉందిగా, ఇంక భయమేముంది, తను కొన్న షేరుకు ఢోకా లేదు అంటోంది. అచ్చం అదే మాటను, అంతే ధీమాగా, ఇరవై రెండేళ్ల వయసులో నేనూ అన్నాను. ఆ అమ్మాయికి ఏదో చెప్పాలని నోరు తెరిచేలోపు స్టేషను వచ్చింది, చేతికర్ర పట్టుకుని దిగిపోయాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఊరుకున్నాను కానీ మనసు ఊరుకోలేదు.

అరవయ్యో దశకం చివరి రోజుల సంగతి ఇది. అప్పటి తార్నాక మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక పక్క రైల్వే వాళ్ల ఇళ్లు, ఒక పక్క యూనివర్సిటీ బండరాళ్లూ నీలగిరి చెట్లూ, మధ్యలో మా వంటి వాళ్లు అద్దెకుండే పెంకుటిళ్లు. హబ్సిగూడ దాటితే ద్రాక్షతోటలు, రాత్రయితే ఆ దారిన నడవడానికి మగవాళ్లే జంకేవారు. మాది భువనగిరి వైపు సేద్యం చేసుకునే కుటుంబం. నాయన పోయాక అన్న తన వాటాకు వచ్చిన చెలక భూమి అమ్మేసి, ఆ సొమ్ముతో హబ్సిగూడలో ఇంటి జాగా కొనాలని పట్నంలోనే ఉండిపోయాడు. మౌలాలి దారిలో రైలు వ్యాగన్లకు ఇనుప సామాను పోతపోసే కార్ఖానాలో ఫిట్టరుగా చేసేవాడు. నన్ను బి.ఎ. దాకా చదివించింది ఆయనే. వదిన అక్షరం ముక్క రాని మనిషి, కానీ సంతలో కూరగాయలమ్మే వాళ్లు ఆమెకు తూకం వేసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకునేవాళ్లు.

డిగ్రీ అవగానే నాకు యూనివర్సిటీలోనే, అర్థశాస్త్రం వాళ్ల దగ్గర, లెక్కలు కట్టే సహాయకురాలి పని దొరికింది. తాత్కాలికమే అయినా మా ఊరి నుంచి అంత పనికి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఆ ఎత్తయిన రాతి వసారాలో చివరి గది మాది. బల్ల మీద చేత్తో పిడి తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండేది. ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. తీసివేతలో సున్నా దాటి కిందికి పోతే లోపల ఎక్కడో టింగుమని గంట మోగేది. మధ్యాహ్నం వేళ ఆ పొడవాటి వసారా అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ గంట వింటే, ఎందుకో తెలియదు, నాకు గుబులుగా ఉండేది.

మా సారు అంటే ఆ పరిశోధన నడిపించే ప్రొఫెసరు గారు. ఆయన అప్పట్లో షేర్ల ధరల సూచీ, అంటే ఇండెక్సు, ఒకటి కట్టిస్తున్నారు. ముప్పై కంపెనీలను ఎంచుకుని, వాటి ధరలన్నిటినీ కలిపి ఒక్క అంకెలోకి తేవడం ఆ పని. మొదలుపెట్టిన సంవత్సరాన్ని వంద అనుకుంటాం, తరవాత అది నూటపది అయితే ఆ ముప్పై కలిసి వందకు పది చొప్పున పెరిగాయన్నమాట. శుక్రవారం శుక్రవారం కోఠిలో దలాళ్లు ఇచ్చే ధరల కాగితాలూ ఇంగ్లీషు పత్రికలూ ముందేసుకుని నేను ఆ అంకె కట్టేదాన్ని. ఆ ముప్పైలో మా అన్న పనిచేసే కార్ఖానా కూడా ఉందని చూసిన రోజు, ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా ఇంటి గోడ మీది ఫోటోను ఎవరో పత్రికలో అచ్చువేసినంత సంబరం. సారుకు మాత్రం చెప్పలేదు. ఫిట్టరు చెల్లెల్నని చెప్పుకోవడానికి ఆ వయసులో కొంచెం మొహమాటం కూడా ఉండేదేమో.

సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని నేను నేర్చుకున్నదంతా అన్నకు పాఠం చెప్పేదాన్ని. పక్క పోర్షనులో ఉండే రైల్వే గుమాస్తా గారు కూడా వచ్చి కూర్చునేవారు. వాళ్లది తెనాలి వైపు క్రైస్తవ కుటుంబం, ఆయన భార్య చర్చి బడిలో టీచరు. ఆయనా అన్నా ప్రతి ఉదయం సైకిళ్లు పక్కపక్కన తొక్కుకుంటూ లాలాగూడ దాకా కలిసి వెళ్లేవారు, అన్నదమ్ముల్లా ఉండేవారు. సూచీ అంటే తరగతిలో పిల్లలందరి సగటు మార్కుల వంటిదని నేను చెబితే ఇద్దరూ శ్రద్ధగా వినేవారు. ఆ ఏడు అంకె నెలనెలా పెరుగుతోంది. అది పెరుగుతుంటే దేశంలో కంపెనీలన్నీ బాగున్నట్టేనని నేను తీర్పు చెప్పేశాను. ఒక్క వదిన మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది.

"గా ముప్పైల మన కార్ఖానా ఒక్కదాని సంగతేంది? దాని మార్కులు ఎన్నొచ్చినయో చెప్పు."

"నీకు సమజ్ కాదు తియ్" అని అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ నెలలోనే కార్ఖానా వాళ్లు పని పెంచుతామని చెప్పి కొత్త షేర్లు అమ్మారు, పనివాళ్లకే ముందుగా ఇస్తామన్నారు. అన్న నన్ను అడిగాడు. సూచీ పెరుగుతోంది, మీ కార్ఖానా ఆ జాబితాలో ఉంది, ఇంకేం కావాలి అన్నాను. ఇంటి జాగాకు దాచిన సొమ్ములో నాలుగింట మూడొంతులు అన్న ఆ షేర్లలో పెట్టాడు. అంచు చుట్టూ లతలు అచ్చువేసిన ఆ కాగితాలను వదిన పెళ్లిచీర మడతలో పెట్టి ట్రంకు పెట్టెలో దాచింది. దాచేటప్పుడు ఏమీ అనలేదు, అనకపోవడమే నాకు బాగా గుర్తుంది.

తరవాత మూడు నాలుగు నెలలకు నేను ఒక సంగతి గమనించాను. మిగతా కంపెనీల ధరలు వారం వారం ఎంతో కొంత కదులుతుంటే, మా కార్ఖానా గడిలో మాత్రం వరసగా ఒకే అంకె. పోయిన వారం ఎంతో ఈ వారమూ అంతే. నేను దాన్ని స్థిరం అనుకున్నాను. బజారంతా ఊగుతున్నా మీ కంపెనీ ధర గుంజలా నిలబడింది అన్నా, అని ఇంట్లో అన్నం దగ్గర గొప్పగా చెప్పాను. అన్న ముఖం ఆ మాటకు విప్పారాల్సింది, విప్పారలేదు. చెయ్యి కడుక్కుని లేచి వెళ్లి సైకిలు చైనుకు నూనె వేస్తూ చీకటి పడేదాకా వాకిట్లోనే ఉండిపోయాడు. అలసిపోయాడనుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, సారు ఇంకా రాలేదు, నాకు ఏం తోచిందో గానీ జాబితాలో బాగా పెద్దవైన రెండు కంపెనీలను పక్కన పెట్టి మిగిలిన ఇరవై ఎనిమిదింటికీ విడిగా లెక్క కట్టి చూశాను. మా సూచీలో అందరి మాటకూ ఒకే విలువ లేదు, కంపెనీ ఎంత పెద్దదైతే దాని మాటకు అంత బరువు. అది నాకు తెలియక కాదు, తెలిసినదాని అర్థం ఎక్కలేదు. వచ్చిన అంకెలోంచి వంద తీసివేద్దామని పిడి వెనక్కి తిప్పుతుంటే టింగుమని గంట మోగింది. తప్పు తిప్పాననుకుని మళ్లీ మొదటి నుంచి కట్టాను. మళ్లీ మోగింది. మూడోసారి కాగితం మీద చేత్తో కట్టాను. ఆ ఇరవై ఎనిమిదీ కలిసి వందకు కిందే ఉన్నాయి, అందులోనూ నెలనెలా దిగుతున్నాయి. పెరుగుతున్నది ఆ రెండే. ఆ రెండింటి పెరుగుదల మీద పరిచిన దుప్పటి కింద మిగతావన్నీ నెమ్మదిగా కుంగిపోతున్నాయి, మేము వారం వారం ఆ దుప్పటి కొలిచి పత్రికకు పంపుతున్నాం.

సారు వచ్చాక ఆ కాగితం చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నాకు తెలుసమ్మా అన్నట్టుగా తల ఊపి, జాబితా తీసి ఎర్ర పెన్సిలుతో ఒక పేరు మీద గీత కొట్టారు. అది మా కార్ఖానా పేరు.

"దీన్ని వచ్చే వారం నుంచి తీసెయ్యండి. దీని బదులు ఆ సిమెంటు కంపెనీ వేసుకుందాం."

"దాని ధర పడలేదు కదండీ సార్, అక్కడే నిలబడి ఉంది" అన్నాను.

"నిలబడి లేదమ్మా. కొనేవాడూ లేడు, అమ్ముడుపోయిందీ లేదు. బేరం జరగకపోతే చివరిసారి ఎంతకు పోయిందో అదే రాస్తూ వచ్చారు. మీరు రాస్తున్నది ధర కాదు, ధర ఉన్నప్పటి గుర్తు. రైల్వే ఆర్డర్లు లేవట, ఎంతో కాలం నడవదు."

పేరు తీసేస్తే అంకె తుళ్లిపడకూడదు కాబట్టి, ఆ వారానికి పాత జాబితాతో ఒకసారి, కొత్త జాబితాతో ఒకసారి కట్టి రెండింటినీ అతకడం ఎలాగో ఆయన ఓపిగ్గా చూపించారు. అచ్చయ్యేదాకా బయట మాట్లాడవద్దని కూడా అన్నారు. నేను కూర్చుని అతికాను. అంకె ఒక్క పిసరు కూడా కదలలేదు. ఒక కార్ఖానా, దానిలో పనిచేసే కొన్ని వందల మంది, మా ఇంటి జాగా, అన్నీ ఆ గీత కిందికి వెళ్లిపోయాయి. పైన మాత్రం ఏమీ జరగనట్టే ఉంది. రాబోయే రోజుల్లో ఆ షేరు మట్టిలో కలిసినా మా సూచీలో దాని ఛాయ కూడా పడదు. అప్పటికి అది జాబితాలో ఉండదు కనుక.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే నీలగిరి చెట్ల కింద రోజూ కనబడే దారే నాకు కొత్తదిలా అనిపించింది. సారు వద్దన్న సంగతి దారి పొడుగునా నాతో నడిచింది. ఇంటికి వచ్చేసరికి అన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, లోపలున్న వదినకూ వినపడేలా, దాచకుండా అంతా చెప్పేశాను.

"మొన్ననే చెప్తివి గద చెల్లే, గుంజ లెక్క నిలబడ్డదని" అన్నాడు మెల్లిగా.

"తప్పు చెప్పిన అన్నా. నాకే సమజ్ కాలే."

ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ అన్నాడు.

"రెండో కొలిమి చల్లారి నెలన్నర అయితున్నది. పొద్దుగాల పోతం, ఉట్టిగ కూసుంటం, వస్తం. ఇంట్ల చెప్తే మీరు పరేషాన్ అయితరని చెప్పలే. నువ్వు రోజు నంబరు పెరిగిందంటుంటివి, అదే నిజమైతదేమో అనుకున్న."

నేను అంకెను నమ్మాను, ఆయన నన్ను నమ్మి తన కళ్లతో చూసిన కొలిమిని నమ్మడం మానేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

మర్నాడు అన్న కాగితాలు తీసుకుని కోఠికి వెళ్లాడు. దలాలు వాటిని చేతిలోకి కూడా తీసుకోలేదట, కొనేవాళ్లుంటే కబురు పెడతానన్నాడట. కబురు రాలేదు. వారం గడిచింది. పత్రికలో మా అంకె అచ్చయింది, మళ్లీ కాస్త పెరిగింది. జాబితా మారిందన్న మాట అడుగున సన్నటి అక్షరాల్లో ఎక్కడో ఉంది, దాన్ని చదివేవాళ్లెవరు?

ఆ ఆదివారం ఉదయం పక్కింటి గుమాస్తా గారు చర్చి నుంచి వచ్చి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతోనే మా ఇంట్లోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నారు. వదిన చాయ్ పెట్టి ఇచ్చింది. ఆయన ముఖంలో కొంచెం సిగ్గు, కొంచెం ఉత్సాహం.

"తమ్ముడూ, నీ షేర్లు అమ్మకానికి పెట్టావంట గదా? జాగా రిజిస్ట్రీకి డబ్బు కావాల్సొచ్చిందేమో అనుకున్నాను. ఆ కోఠీ వాడి చేతిలో పొయ్యడం దేనికి, నాకే ఇవ్వు. మా రెండోదాన్ని నర్సింగులో చేర్చటానికని దాచిన డబ్బుంది. ఇండెక్సు చూస్తానే ఉన్నానుగా, పెరుగుతానే ఉంది. మీ చెల్లెలు చెప్పింది గదా."

అన్న నావైపు చూశాడు. ఆ చూపు నాకు ఇన్నేళ్లయినా మరుపు రాలేదు. చెప్పమని అడుగుతున్నాడో, చెప్పొద్దని బతిమాలుతున్నాడో నేను పోల్చుకోలేకపోయాను, ఆయనకూ తెలిసి ఉండదు. అన్న అన్నం పెట్టి చదివించిన మనిషి. ఆ కాగితాలు అమ్ముడుపోతే మా జాగా మాకు దక్కుతుంది. ఎదుట కూర్చున్నాయన, నేను చెప్పిన పాఠాన్ని నమ్మి, తన కూతురి చదువు పట్టుకొచ్చాడు. ముగ్గురిలోనూ ఆ నిజం చెప్పాల్సిన మనిషిని నేనే. చదువుకున్నదాన్ని, లెక్క కట్టినదాన్ని, ఆ పేరు మీద గీత కొట్టడం కళ్లారా చూసినదాన్ని నేనే. నేను తల వంచుకుని గచ్చు వైపు చూస్తూ ఊరుకున్నాను. అన్న లేచి ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్లాడు. మూత తీసిన కిర్రుమనే చప్పుడు వినిపించింది.

అప్పుడు వదిన వంటింటి గుమ్మంలోంచి, గొంతు పెంచకుండానే అంది.

"గవి కొనకుండ్రి అన్నా. ఆ కార్ఖానా పేరు యూనివర్సిటోళ్లు లెక్కల నుంచి కొట్టేసిండ్రు. కొలిమి సుత చల్లారింది. మీ పిల్లను నర్సింగుల చేర్పియ్యుండ్రి."

గుమాస్తా గారు అన్న వైపు చూశారు, తరవాత నా వైపు. నువ్వు కూడానా అన్నట్టుంది ఆ చూపు. సగం తాగిన చాయ్ గ్లాసు కింద పెట్టి, వదినకు మాత్రం తల వంచి, వెళ్లిపోయారు.

రెండు నెలలు తిరగకముందే కార్ఖానా గేటుకు తాళం పడింది. పొద్దున షిఫ్టుకు వెళ్లిన అన్న, ఎండ ఎక్కకముందే సైకిలు నడిపించుకుంటూ తిరిగి వచ్చాడు, తొక్కలేదు. షేర్లు ఎందుకూ కొరగాని కాగితాలయ్యాయి. జాగా మాట ఇక మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు అన్నకు యూనివర్సిటీలోనే నీళ్ల పంపుల దగ్గర పని దొరికింది, ముందటి జీతం లేకపోయినా రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. గుమాస్తా గారు మాతో పోట్లాడలేదు, పల్లెత్తు మాట అనలేదు, కానీ ఆ సోమవారం నుంచి అన్న కంటే పావుగంట ముందే సైకిలు తీసేవారు. ఏడాది తిరగకుండానే మల్కాజ్‌గిరిలో ఇల్లు చూసుకుని వెళ్లిపోయారు. రెండో అమ్మాయి నర్సయిందని ఎవరో చెబితే విన్నాం. ఆ ఆదివారం మా ఇంట్లో జరిగినదాని వల్ల అదొక్కటే మంచి జరిగింది, అందులో నా పాలు ఏమీ లేదు.

అన్న వదినను ఒక్క మాట అనలేదు. నన్నూ అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. చాలా ఏళ్ల తరవాత, ఒంట్లో శక్తి పూర్తిగా తగ్గిపోయి మంచం పట్టినప్పుడు, నేను పక్కన కూర్చుని సంత్రా పండు ఒలుస్తుంటే, ఏ సందర్భమూ లేకుండా అన్నాడు.

"ఆనాడు మీ వదిన నోరు తెరువకపోతే అమ్మేటోణ్ణే చెల్లే. పైసలు తీసుకుని జేబుల పెట్టుకునేటోణ్ణే."

"నేను సుత ఊకున్న గద అన్నా" అన్నాను.

"ఇద్దరం ఊకున్నం" అని కళ్లు మూసుకున్నాడు.

సూచీ తప్పని నేనెన్నడూ అనను. తరవాత ముప్పై ఏళ్లు ఆ లెక్కలతోనే బతికాను, పిల్లలకు చెప్పాను. అందరి సంగతీ కలిపి చెప్పే అంకెను పట్టుకుని ఒక్కరి సంగతి తేల్చకూడదని, ఆ అందరూ అన్న జాబితాలో నుంచి ఎవరు ఎప్పుడు జారిపోయారో వెనక్కి వెళ్లి చూడాలని, కూడు పెట్టే చోటనే దాచుకున్నదంతా పెట్టకూడదని ప్రతి ఏడూ మొదటి క్లాసులో చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. ఎందుకు చెబుతున్నానో ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో వారానికొక అంకె కట్టడానికి ఒక మనిషికి పూటంతా పట్టేది, ఇప్పుడు రెప్పపాటుకొకటి పుడుతోంది. ద్రాక్షతోటల మీద అపార్టుమెంట్లు లేచాయి. కోఠి దాకా పోనక్కరలేదు, దలాలు ముఖం చూడనక్కరలేదు, మంచం మీద పడుకుని కొనొచ్చు, అమ్మొచ్చు. అంతా సులువైంది, కాదనను. కాకపోతే ఇప్పుడు అమ్మేవాళ్లకు కొనేవాళ్లెవరో తెలియదు, వాళ్లకు ఎంతమంది పిల్లలో, ఆ డబ్బు దేనికని దాచుకున్నారో తెలియదు. నేను ఆ రోజు తల వంచుకుని చేసిన పనిని ఇప్పుడు ఎవరూ తల వంచుకోకుండానే చేయగలరు. వద్దని చెప్పడానికి వదిన వంటి మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నా, ఆమె మాట వినడానికి ఎదురుగా ఎవరూ కూర్చుని ఉండరు.